కుడికాలి ఫోటో

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటున్నాడు. ఎక్కువే, కాదన్నదెవరు? ఆరోగ్య కేంద్రంలో కార్డుల గది నా చేతికిచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఎవరికే జబ్బుందో, ఎవరు మందులు సగంలో మానేశారో, ఎవరు పక్కింటివాళ్ళ కంటపడకూడదని మూడు వీధులు చుట్టి వస్తారో, అన్నీ నా బీరువాల్లోనే ఉంటాయి. ఆ గది తాళంచెవి ఎప్పుడూ నా నడుముకే వేలాడుతుంది. డాక్టరుగారికైనా సరే, కార్డు కావాలంటే గుమ్మం దగ్గర నిలబడి అడగాల్సిందే. కార్డు మీద పేరు, నంబరు, జబ్బు నేనే రాస్తాను. నా అక్షరాలు గుండ్రంగా, చత్వారం వచ్చినవాళ్ళు కూడా చదువుకునేలా ఉంటాయని డాక్టరుగారు నలుగురిలో అంటుంటారు. అలా అన్నప్పుడల్లా నేను పొంగిపోతానని వేరే చెప్పాలా?

అయితే ఇప్పుడు చెప్పబోయేది గొడుగు నర్సు గురించి. మధ్యలో నా గురించి కూడా వస్తుంది. రాకుండా ఎలా ఉంటుంది?

ఆమె మా కేంద్రంలో ఇళ్ళకు తిరిగే నర్సు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. మంచం మీదున్నవాళ్ళ పుళ్ళు కడిగి కట్లు కట్టడం, నెలల తరబడి వాడాల్సిన మాత్రలు కళ్ళెదుట మింగించడం ఆమె పని. ఎండ లేకపోయినా, వాన రాకపోయినా చేతిలో గొడుగు ఉండాల్సిందే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మబ్బు పట్టి ఉంటే గొడుగేమిటే?"

"మొహం కనబడకుండా అక్కా. నేను ఏ గడప ఎక్కితే ఆ ఇంట్లో రోగం ఉందని వీధంతా అనుకుంటుంది."

"నీ మొహం సంగతి సరే. ఈ నల్ల గొడుగును ఆమడ దూరం నుంచి గుర్తుపడతారు కదే, పిచ్చిదానా!"

ఆమె నవ్వింది. వారం తిరక్కుండా నీలం గొడుగొకటి, పూల గొడుగొకటి కొనుక్కుంది. రోజుకొకటి మార్చేది. అంత జాగ్రత్త చూసి నేను మెచ్చుకోవాల్సింది పోయి, ఇంత దాపరికం దేనికబ్బా అని అప్పుడే ఓ మూల అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

ఆమె వెళ్ళే ఇళ్ళలో ఒకటి టైలరమ్మది. బజారు వెనక సందులో ఒకే గది, కిటికీ పక్కన కుట్టుమిషన్, గోడకు కొక్కేలు, కొక్కేలకు ఊరివాళ్ళ బట్టలు. ఒంటరి మనిషి. మిషన్ ఆడితేనే పొయ్యి వెలిగేది. ఆవిడ కుడిపాదానికి స్పర్శ పోయింది. మిషన్ తొక్కీ తొక్కీ పాదం కింద పుండు పడినా నొప్పి తెలియలేదు. మా దగ్గరికి వచ్చేసరికి పుండు పెద్దదయింది, పరీక్షలో కుష్ఠు అని తేలింది. ఆ పేరు వింటేనే జనం రెండడుగులు వెనక్కి వేస్తారు. మందు మొదలుపెడితే ఇంకొకరికి అంటదని డాక్టరుగారు గొంతు చించుకుని చెబుతారు. వినేదెవరు? ఏడాది పాటు నెలకో ప్యాకెట్ చొప్పున మాత్రలు వాడాలి. మధ్యలో ఆపకూడదు.

అందుకని నర్సు ఒక ఉపాయం పన్నింది. సంచిలో యూనిఫాం చొక్కాకు సరిపడా నీలం గుడ్డ పెట్టుకుని వెళ్ళేది. గుమ్మంలోనే, "అమ్మా, నా చొక్కా అయిందా?" అని నలుగురికీ వినబడేలా అడిగేది. టైలరమ్మ లోపల్నుంచి, "ఇంకా కాలేదు, ఓసారి కొలతలు చూడాలి రండి!" అని అరిచేది. తలుపు వేసుకుని కట్టు మార్చి, మాత్ర మింగించి, అదే గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసేది. ప్రతి వారం ఇదే తంతు. ఆ నర్సు చొక్కా మన మనవల కాలానికైనా పూర్తవుతుందా అని సందులో ఆడవాళ్ళు నవ్వుకునేవారట. నవ్వుకోనీ. అలా నాలుగు నెలలు గడిచాయి. ఒక్కరికీ తెలియలేదు.

అంతలో ఆఫీసు ఫోన్లు వచ్చాయి.

పై ఆఫీసరు వచ్చి అందరినీ కూర్చోబెట్టి ఒక కాగితం చదివాడు. రోగి ఫోటో సొంత ఫోన్‌లో ఉండకూడదు, ఎవరికీ పంపకూడదు, ఆఫీసు ఫోన్‌లోని యాప్‌లోనే తీసి అందులోనే ఎక్కించాలి. నర్సు నిజంగా వెళ్ళిందని రుజువుగా పుండు, మాత్రల ప్యాకెట్, రోగి కార్డు మూడూ ఒకే ఫోటోలో కనబడాలి. సాయంత్రంలోగా ఎక్కకపోతే ఆ రోజు వెళ్ళనట్టే లెక్క. అందరం సంతకాలు పెట్టాం. నేను కాగితం రెండుసార్లు చదివి మరీ పెట్టాను.

బానే ఉంది. కానీ బజారు వెనక సందుల్లో సిగ్నల్ అందితేగా! నర్సు ఫోటో తీస్తుంది, తెర మీద చక్రం తిరుగుతుంది, తిరిగి తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది. తీసిన ఫోటో కూడా మాయం. మొదటి వారంలోనే ఆమె పేరు పక్కన నాలుగు ఎర్ర గుర్తులు పడ్డాయి. ఎండనపడి తిరిగొచ్చి, వెళ్ళలేదన్న మాట పడాల్సి వచ్చింది పాపం.

అప్పుడొక దారి నేనే చెప్పాను. దాచేదేముంది, ఆలోచన నాదే. "నీ సొంత ఫోన్‌తో తీసి, సందు దాటి సిగ్నల్ అందగానే నాకు మెసేజ్ పెట్టు. కార్డుల గదిలో కంప్యూటర్‌కు వైరు నెట్ ఉంది కదా, ఆ యాప్ అందులోనూ తెరుచుకుంటుంది, నా ఫోన్ దానికి తగిలించి నేను ఎక్కిస్తా. ఎక్కించగానే నువ్వూ చెరిపెయ్, నేనూ చెరిపేస్తా," అన్నాను. "కాగితంలో వద్దన్నారు కదక్కా?" అంది. "కాగితం రాసినవాడు ఆ సందులో నడిచాడా?" అన్నాను. డాక్టరుగారికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేవారు.

ఆ ఫోటోల వల్ల మంచే జరిగిందని చెప్పాలి. శనివారం డాక్టరుగారు టైలరమ్మ ఫోటోలన్నీ వరసగా పెట్టుకుని చూసేవారు. పెడల్‌కు మెత్తటి గుడ్డ చుట్టమని చెప్పింది వాటిని చూసే. బొటనవేలంత పుండు నెలన్నరలో పప్పుబద్దంత అయింది. టైలరమ్మకు మా వరండాలో అందరి కళ్ళముందూ బల్ల మీద కూర్చోవాల్సిన అవసరం లేకపోయింది.

ఇక ఒకరోజు పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పక్కింటి వదిన పిట్టగోడ మీదికి వంగింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. మధ్యాహ్నాలు మా ఇంట్లోనే కూర్చుని మా ఆయనతో, కోడలితో కలిసి సీరియళ్ళు చూస్తుంది.

"వదినా, ఆ టైలరమ్మకి ఆ జబ్బటగా!"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరైతే ఏంలే. నీకు తెలీనట్టు మాట్లాడతావేంటి?" అని అదోలా నవ్వింది. "నా కర్టెన్ గుడ్డ నిన్ననే వెనక్కి తెచ్చేసుకున్నా. వేణ్ణీళ్ళలో నానబెట్టా. అక్కడున్నది ఇంట్లోకి తేవాలంటే భయం కదా మరి?"

కార్డుల గది నాది కాబట్టి అలా అంటోందనుకున్నాను. అరిచి నోరు మూయించాను. ఏం లాభం? అప్పటికే ఊరు చెవులు కొరుక్కుంటోంది. వారంలో టైలరమ్మ కొక్కేలన్నీ ఖాళీ. తలుపు మూసేసింది. నర్సు మూడుసార్లు వెళ్ళి, చొక్కా అయిందా అమ్మా అని పిలిచినా గొళ్ళెం కదల్లేదు. మిషన్ చప్పుడు కూడా లేదట. ఏడో నెల ప్యాకెట్ నర్సు సంచిలోనే ఉండిపోయింది.

నాకు నిద్ర పట్టలేదు. నా గదిలో జబ్బు బయటికెలా పొక్కింది? ఒక్కొక్కరినీ మనసులో నిలబెట్టి కూపీ లాగాను. ఊడ్చే అమ్మాయికి చదువు రాదు. మందుల కౌంటర్ ఆయనకు పేర్లు గుర్తుండవు, తన పేరైనా గుర్తుందో లేదో. డాక్టరుగారు సరేసరి. ఇక మిగిలింది ఎవరు? నర్సు దగ్గర రెండు ఫోన్లున్నాయి. నేను రాగానే తెర తిప్పేస్తుంది. గొడుగుల్లో దాక్కుంటుంది. అన్నీ అతికినట్టు కుదిరాయి. ఆమె కట్లు కట్టే గదిలోకి వెళ్ళి అడిగేశాను.

"అమ్మాయ్, ఆ ఫోటోలు ఇంకెవరికైనా పంపావా?"

"లేదక్కా. మీకొక్కరికే."

"మరి గాల్లో ఎగిరొచ్చిందా?"

ఆమె కత్తెర పక్కన పెట్టింది. "మీరే ఓసారి ఆలోచించండక్కా," అంది.

ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసింది చాలక నాకే ఎదురు చెబుతుందా!

జబ్బు సంగతి పొక్కిందన్న కబురు పైదాకా పోయి, విచారణకు పై ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. నాకు తెలిసింది రాసిమ్మన్నాడు. గుండ్రటి అక్షరాలతో రాశాను: నియమానికి విరుద్ధంగా నర్సు రోగుల ఫోటోలు సొంత ఫోన్‌తో తీసేది, అవి ఆమె ఫోన్లోనే పడేవి. అవి నా ఫోన్‌కు వచ్చేవని రాయలేదు. అడగలేదు కాబట్టి రాయలేదు. అబద్ధమైతే ఒక్క ముక్క కూడా లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఫోటోలు ఎవరికి పంపారు?" అని ఆఫీసరు నర్సును అడిగాడు. ఆమె నన్ను చూసింది, డాక్టరుగారిని చూసింది. డాక్టరుగారు కిటికీ వైపు తిరిగారు. ఆమె తలొంచుకుంది. ఎంత అడిగినా నోరు విప్పలేదు. చూశారా, మాట పెగలడం లేదు అనుకున్నాను. పదిహేను రోజుల్లో సమాధానం ఇవ్వకపోతే ఉద్యోగం పోతుందని చెప్పి, అప్పటిదాకా ఇళ్ళకు వెళ్ళొద్దని, స్టోరు గదిలో కట్ల చుట్టలు లెక్కపెట్టమని కూర్చోబెట్టారు. మూడు గొడుగులూ ఆ గది మూల నిలబడి ఉండేవి.

తర్వాతి ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కొడుకు, కోడలు, మనవరాలు బయటికెళ్ళారు. మా ఆయన సినిమా చూస్తూ, మధ్యలో ఆపేసి సోఫాలోనే గురక పెడుతున్నాడు. మామూలుగా నేను ఇంట్లో ఉన్నంతసేపూ ఆ టీవీ వాగుతూనే ఉంటుంది. ఆ రోజు గది నిశ్శబ్దంగా ఉంది. తెర నల్లబడి, ఫోటోలు ఒకటొకటిగా రావడం మొదలైంది. నాకు ఫోన్ కొనిచ్చినప్పుడు మావాడు దాన్ని టీవీతో కలిపాడు. "నీ ఫోన్‌లో పడ్డ ఫోటోలన్నీ టీవీ ఖాళీగా ఉన్నప్పుడు వస్తాయమ్మా, మనవరాలిని చూసుకోవచ్చు," అన్నాడు. అన్న సంగతి కూడా నేను మరిచిపోయాను.

మనవరాలు ఊయల మీద. మనవరాలు నోట్లో చెంచాతో. ఆ తర్వాత గోడంత పాదం.

ముందు అదేమిటో అర్థం కాలేదు. కుడిపాదం, కింద పుండు. పక్కన మాత్రల ప్యాకెట్. పాదం వెనక గుడ్డ చుట్టిన మిషన్ పెడల్. దాని వెనక కుర్చీ మీద పెద్ద పెద్ద ఆకుల కర్టెన్ గుడ్డ, పక్కింటి వదినది. ముందు కార్డు. కార్డు మీద పేరు, నంబరు, జబ్బు. చత్వారం వచ్చినవాళ్ళు కూడా చదువుకునేలా, గుండ్రటి అక్షరాలు.

"ఏమండీ! లేవండి!" అని అరిచాను.

మా ఆయన ఉలిక్కిపడి లేచి తెర చూశాడు. "ఓ, ఆ కాలా? అది రోజూ వస్తుందిగా," అన్నాడు ఆవలిస్తూ.

"రోజూనా! నాకెందుకు చెప్పలేదు?"

"నీ ఆఫీసు సంగతి అడిగితే మీదపడి రక్కుతావుగా. ఏదో నీ పని అనుకున్నా. పక్కింటావిడ మాత్రం అది చూసి, అయ్యో నా కర్టెన్ అని లబలబలాడింది."

నేను చెరిపింది మెసేజ్‌లో ఉన్న ఫోటోనే. అంతకుముందే దాని నకలు ఒకటి ఫోన్‌లో పడి, అక్కణ్ణుంచి మా ఇంటి హాల్లోకి ఎక్కి కూర్చుంది. ఇరవై ఆరేళ్ళు తాళం వేసి కాపాడానని విర్రవీగాను. ఊరికి చాటింది నేనే, అదీ నా చేతిరాతతో. ఆ పూట ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పడానికి. మా ఆయన నీళ్ళ గ్లాసు పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. మావాడు వచ్చాక అన్నీ తీయించేశాను. పదకొండు మంది రోగుల ఫోటోలున్నాయి అందులో.

మర్నాడు కేంద్రం తెరవగానే స్టోరు గదికి వెళ్ళాను. నర్సు కట్ల చుట్టలు పదేసి చొప్పున పేరుస్తోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"టీవీ సంగతి తెలీదక్కా. కానీ నేను పంపింది మీకొక్కరికే. నా దగ్గర్నుంచి పోలేదని నాకు తెలుసు కదా."

"మరి ఆఫీసరు అడిగినప్పుడు నోరు విప్పి చెప్పొచ్చు కదే!"

"చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అదీకాక..." ఆమె ఒక చుట్ట తీసి పక్క వరసలో పెట్టింది. "నేను చెబితే మీరు నమ్మేవారా అక్కా?"

నేను నమ్మేదాన్ని కాదు.

కొత్త కాగితం రాశాను. ఈసారి అడగనివి కూడా రాశాను. ఆలోచన నాదేనని, ఫోటోలు నా ఫోన్‌లోంచి నా ఇంటి టీవీలోకి వెళ్ళాయని, మొదటి కాగితంలో నేను కావాలనే ఒక సంగతి వదిలేశానని. దాన్నీ, తాళంచెవినీ డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కింద తనకూ తెలుసని రాసి సంతకం చేశారు. నర్సును మళ్ళీ ఇళ్ళకు వెళ్ళమన్నారు, విచారణ తేలేదాకా నన్ను కార్డుల దగ్గరికి రావద్దన్నారు. సిగ్నల్ లేనప్పుడు ఫోటో ఆఫీసు ఫోన్‌లోనే భద్రంగా ఆగి, అందినప్పుడు ఎక్కేలా యాప్‌ను మారుస్తారట. పేరూ జబ్బూ కనబడకుండా నంబరు చాలంటారట. ఆ పని మొదటే చేసి ఉండొచ్చు. కానీ వాళ్ళను తిట్టే నోరు ఇప్పుడు నాకు లేదు.

మిగిలిన పది ఇళ్ళకు కూడా వెళ్ళి చెప్పాలన్నారు డాక్టరుగారు. ముందు టైలరమ్మ దగ్గరికి అన్నాను. మాత్రలు ఆగిపోయి అప్పటికి పంతొమ్మిది రోజులు. "మీరు వస్తే తలుపు తీయదేమో అక్కా," అంది నర్సు. అయినా వెంట వెళ్ళాను.

సందు నిండా ఎండ. నర్సు గొడుగు వేసుకోలేదు. తలుపు ముందు నిలబడి సంచిలోంచి నీలం గుడ్డ తీసింది.

"అమ్మా, నా చొక్కా అయిందా?"

నర్సు మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచాక లోపల్నుంచి బొంగురుగా, "ఇంకా కాలేదు," అని వినబడింది. గొళ్ళెం తీసిన చప్పుడైంది. టైలరమ్మ సగం చిక్కిపోయింది. నన్ను చూసి తలుపు మళ్ళీ దగ్గరికి లాగింది.

"ఈవిడెందుకు?"

"ఆవిడే చెబుతుందమ్మా," అంది నర్సు.

చెప్పాను. తడబడుతూ, వెనకా ముందూ చేసి, మొత్తానికి అంతా చెప్పాను. వీధిలో ఒకరిద్దరు ఆగి చూస్తున్నారు. టైలరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎంతమంది చూశారు?"

"నాకు తెలిసి నలుగురు. ఇంకా ఎవరెవరు చూశారో నాకు తెలీదమ్మా."

"మీ ఫోనెక్కడుంది?"

"సంచిలో."

"బయటికి తీయండి. ఆ చివర మెట్టు మీద పెట్టండి."

పెట్టాను.

"ఇంకోటుందా?"

"లేదమ్మా."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా నా గుమ్మంలో నిలబడ్డ ప్రతి మనిషినీ నేను చూసిన చూపే అది. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. నేను సంచి తలకిందులు చేసి మెట్టు మీద కుమ్మరించాను. కళ్ళజోడు పెట్టె, చేతిరుమాలు, అన్నం డబ్బా, రెండు పెన్నులు. ఆవిడ ఒక్కొక్కటే చూసింది. కళ్ళజోడు పెట్టె తెరవమంది. తెరిచి చూపించాను.

"నర్సమ్మా, నువ్వు రా," అంది. నాతో, "మీరు అక్కడే ఉండండి," అంది.

తలుపు మూసుకుంది. నేను నా సామానంతా చుట్టూ పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి లోపల మాత్రల ప్యాకెట్ చించిన చప్పుడు, ఆ వెంటనే గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు వినబడ్డాయి.